చెవి చూపని కాపరి

పన్నెండవ భాగం

“మునిగిందంటే మునిగింది. ఎన్నిసార్లు చెప్పాలె?” అన్నాడు ఈశ్వర్.

“ఎట్ల మునిగిందో చెప్పమంటున్న అన్నా,” అంది దేవిక.

“కంపెనీ మునిగింది. ఎవడో హ్యాక్ చేసిండు. అందరియి పోయినయ్, అండ్ల నీయి గూడ పోయినయ్. నేనేమన్న తిన్ననా?”

తిన్నావని ఇంకా ఎవరూ అనలేదు. అనకముందే తిన్నానా అని ఎదురు అడిగే మనిషిని చూస్తే దేవికకు ఒళ్లు మండింది. నిన్న సాయంత్రం అన్న పెట్టిన మెసేజీ ఇంకా ఆమె ఫోన్లో ఉంది. ‘ఆప్ మునిగింది. మొత్తం పోయింది. ఫికర్ చెయ్యకు.’ చెల్లెలు ఆ ఆప్‌లో కూడబెట్టుకున్న బిట్‌కాయిన్ అంతా పోయిందని చెప్పి, ఆ పక్కనే ఫికర్ చెయ్యకు అని రాయడానికి ఎంత గుండె ధైర్యం కావాలి? జవాబు రాయడం చేతకాక ఆమె పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగింది.

ఈశ్వర్ ఇల్లు స్టేషన్ వెనక సందులో ఉంది. ముందు గదిలో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం, వెనక గదుల్లో కాపురం. ఆ వెనక గదిలో ఇప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

తండ్రి అంజిలయ్య గోడకు ఆనుకుని, నొప్పి మోకాళ్ల కింద గొంగడి మడత పెట్టుకుని, కళ్లు కిందికి వాల్చి కూర్చున్నాడు. తల్లి ఎంకమ్మ వంటగది గడప మీద ఉంది. ఈశ్వర్ భార్య స్నేహలత చిక్కుడుకాయలు ముందు వేసుకుంది కానీ చాలాసేపటి నుంచి ఒక్క కాయా తుంచలేదు.

అందరి మధ్యా, బండల మీద, సీలు కూడా తీయని చిన్న అట్టపెట్టె పడి ఉంది. అందులో అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బీ ఒకటుంది, బిట్‌కాయిన్‌ను కంపెనీ చేతిలో కాక సొంతంగా దాచుకునేది. దేవిక తన జీతంలోంచి మిగిల్చి తెప్పించుకున్నది. పోయిన నెలంతా ఈ ఇంట్లో జరిగిన రభస ఆ డబ్బీ గురించే.

“ఆ రోజే పంపియ్యమన్న. ఆప్‌ల వద్దు, డబ్బీలకు పంపియ్ అని కాళ్లావేళ్లా పడ్డ. ఇయాల రేపు అనుకుంట నెల గడిపినవ్,” అంది దేవిక.

“గిప్పుడు గూడ అదే చెప్త. డబ్బీ ఏం భద్రమే? ఎలుక ఎత్కపోతే? నీళ్లల్ల పడితే? పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవణ్ణి అడుగుతవ్? ఆప్ అయితే ఫోన్ చేస్తే మాట్లాడనీకె మనిషుంటడు. మర్చిపోతే మల్ల తెరిచిస్తరు.”

“ఇయ్యాల ఫోన్ చెయ్. ఏ మనిషి మాట్లాడుతడో నేను గూడ వింట.”

ఈశ్వర్ టేబుల్ ఫ్యాన్ తనవైపు తిప్పుకున్నాడు.

“డబ్బీ పోతే ఇంకో డబ్బీ కొంట. అది మొదలువెట్టినప్పుడు కొన్ని మాటలు ఇస్తది. ఆ మాటలు నా దగ్గరుంటే ఏ డబ్బీల నుంచైనా నాయి నాకొస్తయ్. మాటలు పోతేనే పోయినట్టు. ఆప్‌ల అట్ల గాదు. ఆప్ అంటే పరాయోని దొడ్డి. గొర్రెలు మనయే, తాళం వానిది. వాడు తలుపు తీస్తేనే మనం తోలుకోవాలె. గింత చిన్న మాట నీకు తెల్వదా? దుకాణానికొచ్చినోళ్లందరికి నువ్వే కదా చెప్తవ్?”

“తెలుసు. అందుకే చెప్తున్న, నీతోని గాదని. చున్నీ యాడ వెట్టినవో గుర్తుండదు నీకు. మాటలు దాచిపెడ్తదట.”

స్నేహలత తల ఎత్తి భర్త వైపు చూసి మళ్లీ దించుకుంది.

అప్పుడే దేవిక ఫోన్ మోగింది. వికారాబాద్‌లో దుకాణానికని ఆమె కిరాయికి అడిగిన మడిగె యజమానురాలు అరుణాదేవి.

“ఏమైంది బిడ్డా, అడ్వాన్సు తెస్తనన్నవ్?”

“తెస్త ఆంటీ. జర ఒక్కరోజు...”

“పశువుల మందుల దుకాణమంటే నాక్కూడ మంచిగనే అనిపిచ్చింది. ఆడిపిల్ల పెడ్తనంటే ఇంకా సంతోషమైంది. గని బిర్యానీ సెంటరోళ్లు వచ్చి కూసున్నరు. సోమవారం దాక ఆపుత. అటెన్క నన్ను అనొద్దు.”

దేవిక ఫోన్ పెట్టేసింది. ఫార్మసీ చదివి, ఎవరి మెడికల్ షాపులోనో నిలబడి ఇన్నాళ్లూ జలుబు గోలీలు ఇచ్చింది. గొర్రె కడుపులో పురుగులకు నట్టల మందు కావాలని పెద్దేముల్ నుంచి వచ్చిన మనిషి, అది దొరక్క ఉత్త చేతులతో బస్సెక్కడం ఎన్నిసార్లు చూసిందో. తన షాపుకు రంగేం వేయాలో కూడా అనుకుంది. ఆ షాపే ఇప్పుడు బిర్యానీ సెంటరు అవబోతోంది.

“పోయినయి పోయినయ్ బిడ్డ,” అంది ఎంకమ్మ గడప మీద నుంచి. “అన్నతోని కొట్లాట పెట్టుకుంటే వస్తయా? మన నసీబుల లేదనుకో. వాడు మాత్రం కావాలని చేసిండా? వాని మొఖం చూడు, ఎట్ల పరేషాన్ అయితున్నడో.”

ఇదీ మన ఇళ్లల్లో న్యాయం. పోగొట్టుకున్నది ఆడపిల్ల. సర్దుకోవలసిందీ ఆడపిల్లే. పోగొట్టిన వాడి మొహం వాడిపోయిందని అందరూ జాలిపడాలి, అతనికి మంచినీళ్లు ఇవ్వాలి, ఫ్యాన్ కూడా అతని వైపే తిరగాలి. నష్టపోయిన మనిషి గొంతు కొంచెం పెద్దది చేస్తే అది మాత్రం కొట్లాట.

“అవ్వా, అవి ఎవరి గొర్రెల పైసలో యాదున్నదా?” అని అడిగింది దేవిక.

ఎంకమ్మకు యాదున్నది. దేవికకు చెవులు కుట్టించిన రోజు మేనమామ ఒక ఆడ గొర్రెపిల్లను తెచ్చి ఆ పిల్ల పేరున వదిలాడు. ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి చెవి మీద గాటు పెట్టడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. అంజిలయ్య ఆ సాయంత్రమే దాని చెవి కొసన మరే గొర్రెకూ లేని గాటు పెట్టి, ఇది నా బిడ్డది అన్నాడు. దానికి పుట్టిన ఆడ గొర్రెపిల్లలు, వాటికి పుట్టినవి, అన్నిటికీ అదే గాటు. మందలో ఎన్ని వందలు కలిసినా దేవిక గొర్రెలు దేవికవే.

అంజిలయ్య మోకాళ్లు పనికి రాకుండా పోయిన ఏడు మంద మొత్తం అమ్మేశారు. దేవిక అప్పుడు ఇంటర్ చదువుతోంది. తన గొర్రెల పైసలు బ్యాంకులో వేస్తానంటే, బ్యాంకులో ఏం పెరుగుతాయి, బిట్‌కాయిన్ కొందామన్నాడు ఈశ్వర్. ఆమెకు అప్పటికి పద్దెనిమిది నిండలేదు, పాన్‌కార్డు లేదు. అందుకని ఖాతా అన్న పేరు మీద తెరిచారు. ఓటీపీ కూడా అన్న ఫోన్‌కే వస్తుంది. అన్నే కదా అనుకుంది. ఆ తర్వాత తన జీతంలోంచి కూడా కొంచెం కొంచెం అందులోనే వేస్తూ వచ్చింది.

“నువ్వేడిస్తే పనైతదా, చెప్పు,” అన్నాడు ఈశ్వర్, ఈసారి గొంతు కొంచెం మెత్తబరిచి. “లేవు, అన్నం తిను. సాయంత్రం బండికి పో. నేను జమ చేసి మెల్లమెల్లగ ఏదో ఒకటి సర్దుత.”

దేవిక ఏడవడం లేదు. తన మొహం కూడా చూడకుండానే అన్న ఏడుస్తున్నావనడం విని ఆమె కోపం చల్లారి, అనుమానం మొదలైంది.

“చెవి ఏది అన్నా?” అంది.

“ఏంది?”

“నా గొర్రెలు సచ్చినయ్ అంటున్నవ్ కదా. చెవి ఏది?”

ఇంతసేపూ బండల్ని చూస్తున్న అంజిలయ్య మొదటిసారి తల ఎత్తాడు.

తాండూరులో షావుకార్ల గొర్రెలను పాలుకు మేపినవాడు అంజిలయ్య. పాలుకు మేపడమంటే గొర్రె యజమానిది, కష్టం కాపరిది, పుట్టిన పిల్లల్లో చెరి సగం. అందులో ఒక కట్టుబాటు ఉంది. దారిలో గొర్రె రోగంతో చచ్చినా, తోడేలు ఎత్తుకుపోయినా, గాటున్న చెవి కోసుకొచ్చి యజమాని ముందు పెట్టాలి. చెవి తెచ్చినవాణ్ని ఎవరూ ఒక్క మాట అనరు. చెవి తేకుండా గొర్రె చచ్చిందన్నవాడికి మళ్లీ ఎవరూ గొర్రెను అప్పజెప్పరు. వాడు దాన్ని సంతలో అమ్ముకున్నాడనే లెక్క.

ఒక ఎండాకాలం మందను కర్ణాటకలోని సేడం దిక్కు తోలుకుపోయినప్పుడు, రాళ్ల గుట్టలో ఒక గొర్రెను తోడేలు లాక్కుపోయింది. ఆ చెవి కోసం అంజిలయ్య ఆ గుట్టంతా దిగి ఎక్కి, కాలు మడత పడి, కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఉప్పూ పసుపూ రాసి గుడ్డలో కట్టి తెచ్చిన ఆ చెవిని షావుకారు విప్పి కూడా చూడలేదు. నువ్వు తెచ్చినవంటే చాలు, అన్నాడు. ఆ మాటను అంజిలయ్య తన పెళ్లి కన్నా ఎక్కువసార్లు తలచుకుని ఉంటాడు.

ఈశ్వర్ నవ్వబోయాడు. “ఆప్‌కు చెవులుంటయా? పిచ్చిగిట్ల లేసిందా నీకు?”

“ఉంటది. నేను చూపిస్త.”

ఆమె తన ఫోన్ తీసి అదే ఆప్ తెరిచింది. ఈశ్వర్ నంబరు కొట్టింది.

“ఏం చేస్తున్నవ్?”

“ఏం చెయ్యలే. లోపలికి పోతున్న. నువ్వన్నట్టు కంపెనీయే మునిగితే ఓటీపీ రాదు కదా. రాకపోతే నేను నీ కాళ్లు మొక్కి సాయంత్రం బండికి పోత.”

“అది... కొన్నిసార్లు అట్లనే వస్తుంటది. మునిగినా గూడ. మెషిన్ పంపుతది అది.”

“రానియ్ మరి.”

అతని అంగీ జేబులో ఫోన్ గిర్రుమంది.

చిన్న చప్పుడు. దుకాణంలో రోజంతా వినే చప్పుడే. ఈశ్వర్ జేబులో చెయ్యి పెట్టలేదు. పెట్టనందుకే అందరూ ఆ జేబు వైపు చూశారు.

“తియ్ అన్నా.”

“తియ్య. ఎవని ఓటీపీ వానిది. నువ్వు అడిగితే చూపియ్యాల్నా?”

“ఏం రా, చూపియ్యరాదు?” అంది ఎంకమ్మ. ఆమె గొంతులో ఇందాకటి ఓదార్పు లేదు, భయం ఉంది. చూపిస్తే ఏం కనబడుతుందో ఆమెకూ అర్థమవుతోంది.

స్నేహలత చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి లేచింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుని నేరుగా వచ్చి భర్త ముందు నిలబడింది.

“నిన్న రాత్రి నాకు గూడ గిదే చెప్పినవ్. చెల్లె పైసలన్ని పోయినయ్, నేనేం మొఖం పెట్టుకోని చూడాలె అని నా ముందట తల పట్టుకున్నవ్. నేను ఏడ్సిన. అన్నం గూడ తినలే. నన్ను ఏడిపిచ్చినవ్ కదా, జర చూడనియ్.”

“స్నేహా, నువ్వు దీంట్ల రాకు.”

“నా కన్నీళ్లు వచ్చినయ్ కదా దీంట్లకు. నేనెందుకు రాను?”

జేబులోంచి ఫోన్ తానే తీసింది. అతను ఆమె చెయ్యి పట్టుకోలేదు. తండ్రి చూస్తుండగా పెళ్లాం చెయ్యి విరిచేంత తెగింపు ఈశ్వర్‌కు లేదు, అంత మాత్రం మంచితనం అతనిలో ఇంకా మిగిలే ఉంది. స్నేహలత అంకెలు చదివింది. దేవిక కొట్టింది.

ఆప్ తెరుచుకుంది.

అన్నీ ఉన్నాయి. ఒక్క పిసరు తగ్గలేదు. ఎక్కడ ఉండాలో అక్కడే, ఎంత ఉండాలో అంత ఉన్నాయి.

ఇలాంటి చోట సంతోషం రావాలి. ఎవరికీ రాలేదు. నిజంగా పోయి ఉంటే ఈ గది ఇంత మూగబోయేది కాదు.

“ఉన్నయ్ నాయినా,” అంది దేవిక, తండ్రికి చెప్పకపోతే బాగుండదన్నట్టు.

“ఉన్నయ్ కదా,” అన్నాడు ఈశ్వర్ చప్పున. “నేను ముట్టలే కదా? తినే మనిషినైతే ఉంచుదునా?”

“మరి సచ్చినయని ఎందుకు చెప్పినవ్?”

“నువ్వు డబ్బీల ఏసుకోని పోతనన్నవ్ కాబట్టి చెప్పిన.” దాచుకున్నది బయటపడ్డాక అతని గొంతు మళ్లీ లేచింది. “పోతే నాకేముంటది? ఖాతా నా పేరు మీద. టాక్స్ నోటీసొస్తే నా పేరు మీదనే వస్తది. ధర పడ్డప్పుడల్ల అమ్మేయ్ అన్నా అని ఫోన్ చేసి ఏడ్సింది నువ్వు. ఆగు అని ఆపింది నేను. ఆపకపోతే ఇయాల నీకు మడిగె ఉండునా, మన్నుండునా? ఇన్నేండ్లు మేపిన నేను. మేపినోనికి సగం రాదా? నాయిన మేపితే సగం వచ్చింది కదా?”

నిజం చెప్పాలంటే ఆ మాటలో కొంత న్యాయం ఉంది. దేవికకూ అది తెలుసు. ధర పడిన రోజుల్లో అన్న ఆపకపోతే ఆమె అమ్ముకునేదే. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. న్యాయమైన మాట నోట్లో ఉంచుకుని అబద్ధం ఎందుకు చెప్పాలి?

“అడిగినవా ఒక్కసారన్న? అడిగితే ఇయ్యనంటనని ఎట్ల అనుకున్నవ్?”

“అడగాల్నా? సొంత అన్నను, చెయ్యి చాపాల్నా నీ ముందట?”

అదీ సంగతి. చెల్లెలి ముందు అడగడం చిన్నతనం. చెల్లెలికి అబద్ధం చెప్పడం చిన్నతనం కాదు.

అంజిలయ్య గొంతు సవరించుకున్నాడు. అతను మాట్లాడి చాలాసేపైంది కాబట్టి మొదటి మాట సరిగ్గా పలకలేదు.

“సగం అడుగుడు తప్పు గాదు రా. మేపినోడు అడుగుతడు. నేను గూడ అడిగిన, ముఖం మీదనే అడిగిన. గొర్రెను ముందట నిలవెట్టి అడిగిన.” ఊపిరి తీసుకున్నాడు. “బతికున్నదాన్ని సచ్చిందన్నోడు కాపరి గాదు.”

“ఏమయ్యా, వద్దు,” అంది ఎంకమ్మ.

“దొంగ,” అన్నాడు అంజిలయ్య.

ఆ మాట అని, తానే అన్నానా అన్నట్టు తన చేతుల్ని చూసుకున్నాడు. ఈశ్వర్ మొహంలో రంగు పోయింది. తండ్రి అతన్ని కొట్టిన రోజులున్నాయి, తిట్టిన రోజులున్నాయి. ఆ మాట మాత్రం ఈ ఇంట్లో వేరేవాళ్ల గురించే అనేవారు.

అతను స్నేహలత చేతిలోంచి ఫోన్ లాక్కోలేదు. “పంపుకో. మల్ల ఓటీపీ వస్తది. ఇస్తది నీ వదినె,” అన్నాడు. దుకాణం వైపు వెళ్లి, అడ్డంగా ఉన్న స్టూలును కాలితో తన్ని కూర్చున్నాడు.

దేవిక అట్టపెట్టె సీలు తీసింది. డబ్బీని వైరుతో తన ఫోన్‌కు కలిపింది. గోరంత తెర వెలిగి, ఇప్పుడు నీ మాటలు చూపిస్తాను, రాసుకో, ఇవి మరెవరి కంటా పడకూడదు అని ఇంగ్లీషులో హెచ్చరించింది.

మరెవరి కంటా. ఇన్నాళ్లూ ఆమె అన్నతో వాదించింది దీని కోసమే. ఇప్పుడు ఆ హెచ్చరికను చదువుతుంటే, అది ఈ గదిలో ఉన్న మనుషుల గురించే రాసినట్టు ఉంది.

“అందరు జర బయటికి పోండ్రి,” అంది.

స్నేహలత ఏమీ అడగకుండా చాట ఎత్తుకుని దుకాణంలోకి వెళ్లింది. అంజిలయ్య గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. పోతూ పోతూ కూతురి తల మీద చెయ్యి వేశాడు. దొడ్డి తలుపు వేసేటప్పుడు అడ్డంగా నిలబడకూడదని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఎంకమ్మ కదల్లేదు.

“అవ్వా.”

“నేను గూడనా?”

“నువ్వు గూడ.”

“నాకు అక్షరం ముక్క రాదు బిడ్డ. నేను చూస్తే ఏమైతది? నీకు పాలిచ్చిన అవ్వను...” మాట తడబడింది. “నా కంటే ఎవరున్నరు నీకు?”

ఇది కూడా అన్న చేసిన పనే అనుకుంది దేవిక. గొర్రెల్ని ముట్టుకోకుండానే, ఇంట్లో మనుషుల్ని ఇట్లా చేశాడు. ఆ కోపం పట్టుకునే ఆమె చెప్పగలిగింది.

“నువ్వు చదవవు అవ్వా. నాకు తెలుసు. గని రాసినది యాడ వెట్టిన్నో చూస్తవ్. రేపు అన్న పరేషాన్‌గ మొఖం పెట్టుకోని అడిగితే చెప్తవ్. చెప్పనని అను. నీ ముందటనే రాస్త, నీ పెట్టెలనే దాస్త. ఒక్కసారి చెప్పనని అను.”

ఎంకమ్మ కూతురి వైపు చూసింది. దుకాణంలో కూర్చున్న కొడుకు వీపు వైపు చూసింది. ఆమె పెదవులు కదిలాయి.

చెప్పను అని ఆమె అనలేదు.

గడప మీద నుంచి లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, చిన్నపిల్లను బడిలోంచి బయటికి పంపితే నడిచినట్టు నడిచి వెళ్లింది. దేవిక తలుపు వేసి గడియ పెట్టింది. డబ్బీ తెర మీద మొదటి మాట వచ్చి నిలబడింది. కలం మూత తీసింది.

తలుపు కింది సందులోంచి తల్లి పాదాలు కనబడుతున్నాయి. అవి కదిలాక రాద్దామని దేవిక కలం పట్టుకుని కూర్చుంది. ఆ పాదాలు కదల్లేదు.